బొంత కుట్టే మిషనుకు దారమూ సూదీ: పిల్లలకు ఒక ఉత్తరం

చిరంజీవులకు ఆశీస్సులు.

మీ ఉత్తరం అందింది. ముక్కలు అతికినంతసేపూ బుద్ధిగా నడిచిన మిషను, పై గుడ్డా దూది పొరా అస్తరూ కలిపి బొంత కుట్టడం మొదలుపెట్టగానే దారం తెంపుతున్నదనీ, నడుమ నడుమ కుట్టు వదిలేస్తున్నదనీ రాశారు. దారం బిగువు సరిచేసే టెన్షన్ డయల్‌ను అటూ ఇటూ తిప్పి చూశామని కూడా రాశారు. ముందు ఆ డయల్‌ను పూర్వం ఉన్న అంకె దగ్గరకు తెచ్చి వదిలెయ్యండి. ఇటువంటి తంటాలలో చాలావాటికి కారణం మిషనులో ఉండదు, దారానికి తగని సూది పెట్టడంలో ఉంటుంది. ముందు దారం ఎంచుకోవాలి, ఆ దారానికి సరిపడే సూది తరువాత, డయల్ సంగతి చిట్టచివర.

దారపు రీలు మీద 50, 40, 30, 12 వంటి అంకె ఒకటి అచ్చువేసి ఉంటుంది. అంకె పెరిగేకొద్దీ దారం సన్నబడుతుందన్నది కొత్తవారిని తికమకపెట్టే సంగతి. కిలో బరువు తూగాలంటే ఎన్ని కిలోమీటర్ల దారం కావాలో ఆ అంకె చెబుతుంది కనుక, 40 నంబరు దారం నలభై కిలోమీటర్లకు కిలో తూగితే, అంతకంటె సన్ననిదైన 50 నంబరు దారం యాభై కిలోమీటర్లకు గాని కిలో తూగదు. అయితే తయారీదారులందరూ ఒకే పద్ధతిలో లెక్క కట్టరు కాబట్టి, ఒకే అంకె ఉన్న రెండు రీళ్ళు చేతికి వేరువేరు లావుగా తగలడం కద్దు. రీలు మీద టెక్స్ అనే లెక్క కూడా ఉంటే దాన్నే నమ్ముకోండి. అది వెయ్యి మీటర్ల దారం ఎన్ని గ్రాములో చెప్పే అంకె, ఇక్కడ అంకె పెరిగితే దారం లావు. 40 నంబరు దారం సుమారు 25 టెక్స్, 50 నంబరుది 20 టెక్స్.

ముక్కలు అతకడానికి 50 నంబరు నూలు దారం మేలు. మడతలో అది తక్కువ చోటు తీసుకుంటుంది, అందువల్ల గళ్ళ కొలతలు తప్పవు. పైన పొరలు కలిపి కుట్టే కుట్టు కంటికి కనబడాలనుకుంటే 40 నంబరు, డిజైను బాగా దగ్గర దగ్గరగా ఉంటే 50 లేదా అంతకంటె సన్ననిది వాడండి. 12 నంబరు దారం అలంకారానికే తప్ప బొంత అంతటికీ పనికిరాదు. నూలు దారం కొనేటప్పుడు పొడుగు పింజ పత్తితో వడికినది చూసుకుంటే నూగు తక్కువ రాలుతుంది, కింది దారం చుట్టే బాబిన్ గూటిలో చెత్త పేరుకోదు. మెర్సరైజ్డ్ అని రాసి ఉంటే, ఆ నూలును కాస్టిక్ సోడా ద్రావణంలో శుద్ధిచేశారని అర్థం. 1844లో ఇంగ్లండులో జాన్ మెర్సర్ కనిపెట్టిన పద్ధతి అది. నూలును బిగలాగి ఉంచి ఆ పని చేస్తే మెరుపు కూడా వస్తుందని తరువాత తెలిసింది. పాలియెస్టర్ దారం నూలు గుడ్డను కోసేస్తుందని కొందరు మిమ్మల్ని భయపెడతారు. నా మట్టుకు నేను ఆ భయాన్ని లెక్కచెయ్యను. నూగు లేని గట్టి దారం కావాలంటే అదే మంచిది.

ఒక్క దారం మాత్రం మిషనులో ఎక్కించకండి. చేత్తో బొంత కుట్టడానికి మైనం వంటి పూత పూసి అమ్మే దారం అది. చేతిపనికి బంగారం లాంటిదే గాని, మిషనులో దాని పూత దారాన్ని నొక్కిపట్టే టెన్షన్ పలకలకు అంటుకుని, తరువాత ఎక్కించే మంచి దారాన్ని కూడా చెడగొడుతుంది.

ఇక సూది. దారం మీద చూపే శ్రద్ధలో సగమైనా దీని మీద ఎవరూ చూపరు. సూదిని వెలుతురుకు పట్టి చూడండి. ముందువైపు పొడుగునా ఒక గాడి ఉంటుంది, గుడ్డలోకి దిగేటప్పుడు దారం అందులో దాక్కుంటుంది. వెనకవైపు బెజ్జానికి కాస్త పైన చిన్న పల్లం ఉంటుంది. సూది అడుగంటా దిగి మళ్ళీ పైకి లేవడం మొదలుపెట్టగానే, గుడ్డ పట్టుకుని ఉన్న దారం ఆ పల్లం దగ్గర చిన్న ఉచ్చులా ఉబ్బుతుంది, కింద తిరిగే హుక్ ఆ ఉచ్చును అందుకుని బాబిన్ దారం చుట్టూ తిప్పుతుంది. దారం ఒక కుట్టుగా బిగుసుకునేలోపల అదే తావు బెజ్జంలో ఎన్నోసార్లు ముందుకూ వెనక్కూ ఒరుసుకుంటుంది. బెజ్జం ఇరుకైతే పురి విడి, నూగు లేచి తెగేది అందుకే. సన్న దారానికి మరీ లావు సూది పెడితే గుడ్డలో కన్నం పెద్దదై దారాన్ని పట్టుకోదు, ఉచ్చు సరిగా ఏర్పడక కుట్టు తప్పుతుంది.

సూది పొట్లం మీద 90/14 అని ఉంటే, మొదటి అంకె సూది లావును మిల్లీమీటరులో నూరోవంతులుగా చెబుతుంది, అంటే 0.9 మిల్లీమీటరు. రెండోది పాత నంబరు, దర్జీలు పద్నాలుగో నంబరు అనేది దాన్నే. 50 నంబరు దారానికి 80/12, 40 నంబరుకు 90/14, 12 నంబరుకు 100/16, బాగా సన్నని పట్టు దారానికి 60/8 లేక 70/10 పెట్టి మొదలుపెట్టండి. సరిపోయిందో లేదో తెలుసుకోవడానికి ఒక పరీక్ష ఉంది. సూదిని మిషను నుంచి తీసి, జానెడు పైచిలుకు దారానికి ఎక్కించి, దారాన్ని రెండు చేతులతో బిగలాగి ఒకవైపు పైకెత్తండి. సూది తనంతట తాను జారిపోవాలి. మధ్యలో ఆగిపోతే బెజ్జం చాలలేదని అర్థం, ఒక నంబరు పైకి వెళ్ళండి.

రకాల విషయానికి వస్తే, క్విల్టింగ్ సూది మొన సన్నగా సాగి ఉండి పొరలను సులువుగా దాటుతుంది. టాప్‌స్టిచ్ సూదికి బెజ్జం పెద్దది, గాడి లోతు, లావు దారమైనా త్వరగా చిట్లే దారమైనా దానికే ఇవ్వండి. మైక్రోటెక్స్ సూది చిక్కటి నేత గుడ్డకు. అల్లిక బట్టల కోసం మొన గుండ్రంగా చేసిన సూది బొంతకు వద్దు. గుడ్డను ముందుకు జరిపే కింది పళ్ళు దించి, దాన్ని చేతులతో నడిపించే పనిలో సూది వంగుతుంది, వంగితే హుక్‌కు ఉచ్చు అందదు, అప్పుడు ఒక నంబరు లావుది పెట్టడం మంచిది. మీరు చెప్పిన జబ్బుకు మూలం ఇదేనని నా అనుమానం.

ఇంటి మిషన్లలో ఎక్కువ వాటికి 130/705 హెచ్ అనే రకం సూది సరిపోతుంది. సాధారణంగా దాని చదును వైపు వెనక్కి ఉంచి, పైదాకా నెట్టి బిగించాలి. పొడుగు చేతి పెద్ద బొంత మిషన్లలో చాలావాటి సూదికి పైభాగం గుండ్రంగా ఉంటుంది, చదును ఉండదు, కనుక గాడి ఏవైపు ఉండాలో మిషను పుస్తకం చూసి పెట్టండి. ఎనిమిది గంటల కుట్టుపని అయ్యాక సూది మార్చండి. గుడ్డలో దిగేటప్పుడు టప్‌టప్ మని చప్పుడు చేస్తే అంతకంటె ముందే మార్చండి. మొనను గోటి మీద మెల్లగా లాగితే గీత పడినా మార్చవలసిందే.

బాబిన్‌లో పై దారం నంబరుదే గాని అంతకంటె సన్ననిది గాని చుట్టండి. రీలు మీద దారం అడ్డదిడ్డంగా గళ్ళు గళ్ళుగా చుట్టి ఉంటే రీలు కొసమీదుగా విప్పుకునేలా పెట్టండి, వరసగా పేర్చినట్టు చుట్టి ఉంటే పక్కనుంచి విప్పుకునేలా నిలువు కడ్డీకి తగిలించండి.

బొంత మీద చెయ్యి వేసే ముందు, మిగిలిన అవే మూడు పొరల ముక్క మీద నాలుగు వరసలు కుట్టి రెండు పక్కలా చూడండి. అడుగున దారం ఉచ్చులు ఉచ్చులుగా వేలాడితే గుడ్డను నొక్కిపట్టే ప్రెషర్ ఫుట్ పైకెత్తి మళ్ళీ దారం ఎక్కించండి, ఫుట్ దించి ఎక్కిస్తే దారం పలకల మధ్యకు దిగదు. పైన బాబిన్ దారం చుక్కలుగా కనబడితేనే డయల్ ముట్టుకోండి, అదీ అర గీత మాత్రమే వదులు చెయ్యండి.

ఇట్లు,
మీ పెద్దమ్మ