ఫాంట్ మేనేజర్: డిటిపి సెంటర్లలో వినిపించే అపోహలు - వాస్తవాలు

మాఘమాసం వచ్చిందంటే కోనసీమ డిటిపి సెంటర్లకు ఊపిరి సలపదు. ఒకపక్క శుభలేఖలు, ఇంకోపక్క అంతర్వేది కల్యాణం ఫ్లెక్సులు. సరిగ్గా అప్పుడే ఫాంట్ దొరక్క పని ఆగితే ఆ టెన్షన్ పడ్డవాళ్లకే తెలుసు. కంప్యూటర్లోని ఫాంట్లను చూపించి, కావాల్సినవాటిని ఆన్, ఆఫ్ చేసుకోనిచ్చే సాఫ్ట్‌వేరే ఫాంట్ మేనేజర్. ఫాంట్ల గురించి, దాని గురించి అమలాపురం, రావులపాలెం, భీమవరం డిజైనర్ల దగ్గర నేను తరచూ వినే మాటలివి.

అపోహ: ఎన్ని ఫాంట్లు ఎక్కిస్తే అంత మంచిది.
వాస్తవం: అన్నీ ఎక్కిస్తే డిజైన్ సాఫ్ట్‌వేర్ తెరుచుకోవడానికే ఆలస్యమవుతుంది. ఫాంట్‌బేస్ లాంటి ఉచిత మేనేజర్‌కు ఫోల్డర్ చూపించి, ఆ పనికి కావాల్సినవే ఆన్ చేసుకుంటే చాలు.

అపోహ: ప్రివ్యూలో బాగుంటే పనిలోనూ బాగుంటుంది.
వాస్తవం: చాలా మేనేజర్లు ఇంగ్లిష్ వాక్యంతోనే ప్రివ్యూ చూపిస్తాయి. తెలుగు ఫాంట్ గురించి దాంట్లో తెలిసేదేమీ లేదు. అందుకే ప్రివ్యూలో మన మాటలు పెట్టుకునే వీలుందా అన్నది నేను ముందు చూస్తాను. ‘శ్రీ లక్ష్మీనరసింహస్వామి’, ‘అవిఘ్నమస్తు’ పెట్టి చూడండి. ‘క్ష్మీ’లో రెండు వత్తులు, గుడిదీర్ఘం ఒకేచోట పడతాయి. వత్తు జారి కింది లైనును తాకుతోందా, దీర్ఘం పక్కకు పోయిందా అన్నది అక్కడే బయటపడుతుంది. వత్తులు విడిపోయి పొల్లులతో కనిపిస్తే మాత్రం వెంటనే ఫాంట్‌ను తప్పుపట్టకండి. ఫొటోషాప్‌లో వరల్డ్-రెడీ లేఅవుట్ (తెలుగు లాంటి లిపులను సరిగ్గా కూర్చే సెట్టింగ్) ఎంచుకున్నారో లేదో చూడండి. అది మేనేజర్ సరిచేయగలిగేది కాదు.

అపోహ: పేరు ఒకటైతే ఫాంట్ ఒకటే.
వాస్తవం: ఎక్కువ పనులు చెడేది ఇక్కడే. పాత సీడీలోది ఒకటి, నిరుడు డౌన్‌లోడ్ చేసింది ఇంకొకటి, మెనూలో పేరు మాత్రం ఒక్కటే. వెర్షన్ మారితే అక్షరాల వెడల్పు, లైన్ల మధ్య ఎడం మారొచ్చు. నిరుటి శుభలేఖ తెరిచి పేర్లు మార్చబోతే రెండు లైన్లది మూడు లైన్లవుతుంది. వెర్షన్ నంబరు, ఫైలు ఏ ఫోల్డర్‌లో ఉందో చూపించి, ఒకే పేరుతో రెండుంటే హెచ్చరించే మేనేజర్ కావాలి మనకు.

దీనికి తోడు విండోస్ 10లో 2018 నాటి 1809 వెర్షన్ నుంచి మామూలుగా ఇన్‌స్టాల్ చేసిన ఫాంట్ ఆ ఒక్క యూజర్‌కే వస్తుంది. అదే కంప్యూటర్లో ఇంకో లాగిన్‌తో పనిచేసేవాళ్లకు కనపడదు. రైట్ క్లిక్ చేసి, అందరు యూజర్లకూ ఇన్‌స్టాల్ చేసే ఆప్షన్ ఎంచుకోండి.

అపోహ: కర్వ్స్ చేశాక (అక్షరాలను బొమ్మల గీతలుగా మార్చేశాక) ఫాంట్‌తో పనిలేదు.
వాస్తవం: ప్రెస్‌కు పంపడానికి సరే. ముహూర్తం సమయం మారిందని పెళ్లివారు ఫోన్ చేస్తే? కర్వ్స్ చేయని ఫైలు, దానితోపాటు ఫాంట్లు ఒకే ఫోల్డర్‌లో ఉండాలి. ఇన్‌డిజైన్‌లో అయితే ప్యాకేజ్ ఆప్షనే ఈ పని చేసిపెడుతుంది.

అపోహ: మంచి మేనేజర్ ఉంటే అను ఫాంట్ల (యూనికోడ్ కాని పాత తెలుగు ఫాంట్లు) మ్యాటర్, ఏ కంప్యూటర్లోనైనా చదవగలిగే యూనికోడ్‌లోకి మారిపోతుంది.
వాస్తవం: మారదు. దానికి కన్వర్టర్ వేరే ఉంటుంది, ఆ తర్వాత ప్రూఫ్ కూడా చూడాలి. మేనేజర్‌లో ‘యూనికోడ్’, ‘పాతవి’ అని రెండు విభాగాలు పెట్టుకుంటే కలగాపులగం కాకుండా ఉంటుంది.

అపోహ: ఉచితంగా దొరికిన ఫాంట్ దేనికైనా వాడొచ్చు.
వాస్తవం: లైసెన్స్ చదవాలి. గూగుల్ ఫాంట్స్‌లోని మండలి, రామభద్ర ఓపెన్ ఫాంట్ లైసెన్స్‌వి. డబ్బులు తీసుకుని చేసే పనులకూ వాడొచ్చు, ఫాంట్ ఫైలును మాత్రం విడిగా అమ్మకూడదు. లైసెన్స్ ఫైలును కూడా ఫాంట్ ఫోల్డర్‌లోనే ఉంచండి.