రోజువారీ లెక్కలు: అపోహలు – వాస్తవాలు

నేను అనంతపురంలో హైస్కూలు విద్యార్థులకు గణితం బోధిస్తున్నాను. లెక్క తప్పిన నోటు పుస్తకాలు దిద్దుతున్నప్పుడు, కూడికలు, గుణకారాల కన్నా అంతకుముందే మనసులో స్థిరపడిపోయిన నమ్మకాలే పిల్లలను ఎక్కువగా తప్పుదారి పట్టిస్తున్నాయని నాకు అర్థమైంది.

అపోహ: సమీకరణంలో సంఖ్యను అటువైపు పంపితే గుర్తు మారుతుంది.

వాస్తవం: సంఖ్య ఎక్కడికీ వెళ్లదు. మూడు నోటు పుస్తకాలు, 5 రూపాయల పెన్ను కలిపి 95 రూపాయలైతే, ఒక్కో పుస్తకం ధరను 'క' అనుకొని 3క + 5 = 95 అని రాస్తాం. (అక్షరం ఏదైనా ఫరవాలేదు, 12వ శతాబ్దపు భాస్కరాచార్యుడు తెలియని రాశులను యావత్తావత్, కాలక, నీలక అని పిలిచాడు.) తక్కెడ రెండు తట్టల నుంచీ ఒకే బరువు తీసినట్టు రెండు వైపులా 5 తీసివేస్తే 3క = 90 మిగులుతుంది; ఆపైన రెండు వైపులనూ 3తో భాగిస్తే క = 30 వస్తుంది. పక్షాంతరం, అంటే సంఖ్యను అటువైపు పంపడం, ఈ పనినే క్లుప్తంగా రాయడం. కారణం తెలియకుండా సూత్రం మాత్రమే కంఠస్థం చేసిన విద్యార్థి 3కు కూడా గుర్తు మార్చి, పుస్తకం ధర మైనస్ 30 రూపాయలని రాస్తాడు. అలాంటి జవాబు చూసినప్పుడు నాకు కోపం రాదు, బాధ కలుగుతుంది. ఎందుకంటే అతడు మేము నేర్పిన సూత్రాన్నే నమ్మకంగా పాటించాడు.

అపోహ: నూటికి 30 తగ్గినదానికి నూటికి 30 కలిపితే మొదటి లెక్క తిరిగి వస్తుంది.

వాస్తవం: మా జిల్లా రైతుకు ఇది విత్తనం దగ్గరే ఎదురయ్యే లెక్క. 100 కిలోల వేరుశనగ కాయలు వలిస్తే 70 కిలోల గింజలు వస్తాయనుకుందాం. 35 కిలోల గింజలు కావాలంటే ఎన్ని కాయలు వలవాలి? చాలామంది 35కు 30 శాతం కలిపి 45.5 కిలోలంటారు, కానీ 45.5లో 70 శాతం 31.85 మాత్రమే కాబట్టి విత్తనం మూడు కిలోలకు పైగా తక్కువ పడుతుంది. తరుగు లెక్కించవలసింది కాయల మీద, గింజల మీద కాదు. కాయల బరువును 'క' అనుకుంటే 70క ÷ 100 = 35, అంటే క = 50. శాతం కనిపించిన ప్రతిచోటా 'దేనిలో?' అని మొదట రాయమని నేను పట్టుబడతాను.

అపోహ: త్రైరాశికం (ఒకటి పెరిగితే రెండోదీ అదే నిష్పత్తిలో పెరుగుతుందని, తెలిసిన మూడు సంఖ్యల నుంచి నాలుగోది కనుక్కునే పద్ధతి) తెలిస్తే ఏ లెక్కయినా వస్తుంది.

వాస్తవం: ఆరుగురు 4 రోజుల్లో చేసే కలుపు తీతను 8 మంది 3 రోజుల్లో ముగిస్తారు. ఇక్కడ మనుషులు పెరిగితే రోజులు తగ్గుతాయి. మారనిది 24 కూలి దినాల మొత్తం.

అపోహ: 'రెండు రూపాయల వడ్డీ' అంటే 2 శాతమే.

వాస్తవం: అది నెలకు నూటికి 2 రూపాయలు, అంటే ఏడాదికి 24 శాతం. 25,000 రూపాయల అప్పులో 250 నూర్లు ఉన్నాయి. నెలకు 500, ఏడాదికి 6,000 రూపాయల వడ్డీ. అదే అప్పు ఏడాదికి 12 శాతం బారువడ్డీకి దొరికితే ఏడాదికి కట్టవలసిన వడ్డీ 3,000 రూపాయలు.