బంటు వెనక ఎవరున్నారు?

అనంతపురం టవర్ క్లాక్‌కు కాస్త దూరంలో మా తాత అంగడి. మధ్యాహ్నం బేరాలు పలచబడితే గోనెసంచి మీద చదరంగం అట్ట పరిచేవాడు. బళ్లో నేర్చుకొచ్చిన గొప్పతో నేను రాజు ముందరి బంటును రెండు గడులు జరిపితే, వేలితో వెనక్కి నెట్టేశాడు. "ఎగిరేకి అదేమన్నా గుర్రమా? ఒక గడి నడుపు."

నాటు ఆటలో బంటుకు ఒక్క అడుగే. రెండడుగుల వెసులుబాటు మధ్యయుగాల్లో యూరప్‌లో చేరింది. ఆ రెండో అడుగుతో ఒరిగేదేమిటి? ఆట మొదట్లో తెల్లపావులకు 20 ఎత్తులుంటాయి. రాజు బంటును రెండడుగులు ఈ4 గడికి (అక్షరం తెల్లవాడి ఎడమ నుంచి ఏ, బీ, సీ అంటూ నిలువు వరుసను, అంకె అతని వైపు నుంచి అడ్డవరుసను చెబుతాయి) తోస్తే, నల్లవాడు అడ్డం రానంతవరకు, తర్వాతి వంతుకు 30. మంత్రి బంటును అలాగే తోస్తే 28. మూల ఏనుగు ముందరిదైతే 21. తమాషా ఏమంటే, తాత చెప్పినట్టు ఒక్క గడే నడిపినా 30 ఎత్తులే! దారి తెరవడానికి ఒక అడుగు చాలు. రెండోది నేల కోసం. బంటు ఏటవాలుగా కొడుతుంది గనుక ఈ4లో నిలిస్తే డీ5, ఎఫ్5 దాని గురిలో పడతాయి. ఈ3లో ఆగితే సొంత పెరటికే కాపలా, పైగా మంత్రి పక్కనున్న ఒంటెకు (శకటు అనేవాళ్లూ ఉన్నారు) అడ్డం.

అసలు 15వ శతాబ్దం చివరిదాకా మంత్రి ఏటవాలుగా ఒక్క గడే కదిలేది, ఒంటె రెండో గడికి దూకేది, అంతే. దారి తెరిచినా పరుగెత్తేవాళ్లే లేరు. యూరప్‌లో ఆ రెండింటికీ పొడుగు నడక వచ్చాకే ఈ ఎత్తుకు ప్రాణం వచ్చింది.

లోపమూ ఉంది. డీ4 బంటుకు వెనక మంత్రి కాపు. ఈ4 బంటుకు ఎవరూ లేరు. నల్లబంటు ఈ5కు వస్తే దానికీ అదే గతి. తెల్లగుర్రం ఎఫ్3 నుంచి దాన్ని బెదిరిస్తుంది, నల్లగుర్రం సీ6కు వచ్చి కాస్తుంది. అప్పుడు తెల్ల ఒంటె బీ5కు వెళ్లి ఆ కాపలా గుర్రం మీదే కన్నేస్తే ఆ ఆరంభాన్ని రూయ్ లోపెజ్ అంటారు. 1561లో చదరంగం మీద పుస్తకం రాసిన స్పెయిన్ మతగురువు పేరది. సీ4లో ఆగి, రాజు తప్ప దిక్కులేని ఎఫ్7 బంటును చూస్తే ఇటాలియన్ ఆరంభం.

2000లో లండన్‌లో ప్రపంచ కిరీటం కోసం జరిగిన పోటీలో, కిరీటధారి కాస్పరోవ్ ఈ4 ఆడితే, ప్రత్యర్థి క్రామ్నిక్ బెర్లిన్ రక్షణ (రూయ్ లోపెజ్‌కు నల్లవాడి జవాబుల్లో ఒకటి) పట్టాడు. అందులో మంత్రులిద్దరూ తొందరగా పోతారు. తెరిచిన దారులన్నీ ఖాళీ. ఆ పోటీలో కాస్పరోవ్ ఒక్క ఆటా గెలవలేదు, కిరీటమూ పోయింది.

మా తాతదీ అదే పద్ధతి. మంత్రికి మంత్రిని మార్చేసి, రెండు పావుల్నీ గల్లాపెట్టె మీద నిలబెట్టి, "ఇప్పుడాడు చూద్దాం" అనేవాడు.