మనసు వైద్యం చరిత్ర: అపోహలు - వాస్తవాలు

నేను సైకియాట్రిస్ట్‌ని. ఓపీ చూసుకుంటూ పీజీ పిల్లలకి వైద్య చరిత్ర క్లాసులు కూడా చెప్తుంటాను. ఓపీలో పేషెంట్ల వాళ్ళు అడిగేవీ, వాట్సాప్‌లో తిరిగేవీ, ఒక్కోసారి మా డాక్టర్లే స్టేజీ ఎక్కి చెప్పేవీ చూస్తే అవే నాలుగైదు అపోహలు మళ్ళీ మళ్ళీ వస్తుంటాయి. నాకు అర్థమైనంతలో మనసంటే ఏంటని ఏ కాలం వాళ్ళు ఏది నమ్మారో దాన్ని బట్టే ఆ కాలం వైద్యం నడిచింది, అంటే ఫిలాసఫీ ముందు, మందు తర్వాత. ఈ కింద రాసినవన్నీ ఆ లెక్కలోనే చూడండి.

అపోహ: పూర్వం పిచ్చంటే దయ్యం పట్టడమే అనుకునేవాళ్ళు, సైన్స్ వచ్చాకే అది జబ్బని తెలిసింది.

వాస్తవం: సగమే నిజం. క్రీస్తుపూర్వం 400 ప్రాంతంలోనే గ్రీసులో హిప్పోక్రటీస్ పేరు మీద ఉన్న రచనల్లో ఒకటి అచ్చంగా మూర్ఛ గురించే ఉంది. జనం దాన్ని పవిత్ర రోగం అనేవాళ్ళు. ఇది మిగతా జబ్బుల కంటే దైవికమేమీ కాదు, మూలం మెదడులో ఉంది, మంత్రాలు వేసేవాళ్ళు తమ చేతగానితనం బయటపడకుండా దేవుణ్ణి అడ్డం పెట్టుకుంటున్నారు అని మొహమాటం లేకుండా రాశాడు ఆ రచయిత. కాకపోతే ఆయన చెప్పిన కారణం, అంటే తల నుంచి కఫం దిగి నాళాలకి అడ్డం పడుతుందన్నది, అదీ తప్పే.

మన చరక సంహిత సంగతి ఇంకా తమాషా. అందులో జబ్బుల కారణాలు చెప్పే భాగం నిదానస్థానం, దాని 7వ అధ్యాయం ఉన్మాదం, అంటే పిచ్చి గురించి. తనంతట తాను చెడని మనిషిని దేవతలూ, గంధర్వులూ, పిశాచాలూ, రాక్షసులూ ఎవ్వరూ బాధపెట్టరు, తన తెలివితక్కువ పనుల వల్ల వచ్చిన రోగానికి దేవతల్ని తప్పుపట్టకూడదు అని అందులో స్పష్టంగా ఉంది. అదే అధ్యాయంలో ఆగంతు ఉన్మాదం, అంటే బయటి నుంచి వచ్చిపడే పిచ్చి అని ఒక రకం పెట్టి మంత్రాలు, హోమాలు, బలులు కూడా చికిత్సగా రాశారు! రెండూ ఒకే చోట. ఫార్వర్డ్ చేసేవాళ్ళు మాత్రం ఎవరికి కావాల్సిన ముక్క వాళ్ళు కత్తిరించుకుంటారు.

అపోహ: ఫిలాసఫీ కబుర్లకీ డాక్టర్లకీ సంబంధం ఏంటి?

వాస్తవం: అదే చరక సంహిత విమానస్థానం 8వ అధ్యాయం తీయండి, వైద్యులు వాదం ఎలా చెయ్యాలో ఉంటుంది. ప్రతిజ్ఞ (నిరూపించాల్సిన మాట), హేతువు (దానికి కారణం), దృష్టాంతం (ఉదాహరణ) ఏంటి, స్నేహంగా మాట్లాడుకునే చర్చ ఎలా ఉండాలి, పోటీకి దిగిన చర్చ ఎలా ఉండాలి, ఎదుటివాడు మనకన్నా మొనగాడైతే ఏం చెయ్యాలి, అన్నీ. మా కాన్ఫరెన్సులకి వెళ్ళేవాళ్ళు చదువుకుంటే మంచిది. భారతీయ తర్కశాస్త్రం చరిత్ర రాసేవాళ్ళకి అదొక ముఖ్యమైన ఆధారం, అంటే తర్కం కోసం వైద్య గ్రంథం తిరగెయ్యాల్సి వస్తోందన్నమాట. అటు రోమ్‌లో గేలెన్ అనే వైద్యుడైతే మంచి వైద్యుడు ఫిలాసఫర్ కూడా అయి ఉంటాడని ఏకంగా ఒక పుస్తకమే రాశాడు. ఇంగ్లీష్ ఫిలాసఫర్ జాన్ లాక్ కూడా వైద్యం చేసినవాడే. విలియం జేమ్స్ 1869లో హార్వర్డ్‌లో ఎండీ తీసుకుని ఒక్క రోజు కూడా ప్రాక్టీస్ పెట్టకుండా ఫిజియాలజీ, తర్వాత సైకాలజీ, ఆ తర్వాత ఫిలాసఫీ చెప్పాడు. 1879లో లైప్‌జిగ్‌లో సైకాలజీ ల్యాబ్ పెట్టిన వుంట్ కూడా డాక్టరే.

అపోహ: "స్కానింగ్‌లో ఏం లేదన్నారు సార్, అంటే ఇదంతా యాక్టింగే కదా?"

వాస్తవం: ఇది నేను ఓపీలో తరచూ వినే మాట, ఎక్కువగా కోడలి గురించి అత్తగారు అడుగుతారు. ఒంటి జబ్బు అయినా ఉండాలి, లేకపోతే నటన అయినా అయ్యుండాలి, మధ్యలో ఇంకోటి ఉండదని మన లెక్క. శరీరం వేరు, మనసు వేరు అని గట్టిగా గీత గీసిన పెద్దమనిషి ఫ్రెంచి ఫిలాసఫర్ డెకార్ట్. ఆ గీత మీద మొదట్లోనే గట్టిగా నిలదీసింది బొహీమియా యువరాణి ఎలిజబెత్. 1643లో ఆయనకే ఉత్తరం రాసింది, మనసుకి ఆకారం లేదు, బరువు లేదు, మరి అది ఒంటిని ఎలా కదిలిస్తుంది అని. ఆయన తిప్పి తిప్పి జవాబులిచ్చి, చివరికి ఈ రెండూ కలిసుండటం అనేది ఆలోచనలో కంటే మామూలు బతుకులో, మాటామంతీలోనే బాగా తెలుస్తుంది అన్నాడు. 1645లో ఆమెకి సన్న జ్వరం, పొడి దగ్గు పట్టుకుంటే అదే డెకార్ట్, ఇలాంటి జ్వరానికి మామూలుగా కారణం దిగులే అని రాశాడు. వాళ్ళ కుటుంబం రాజ్యం పోగొట్టుకుని పరాయి దేశంలో ఉంటోంది మరి, దిగులుండదా. అంటే మనసునీ ఒంటినీ విడదీసినాయనే జబ్బు దగ్గరికొచ్చేసరికి రెండూ కలిపే చూశాడు. స్కాన్ నార్మల్ అంటే స్కాన్‌లో కనపడేది ఏమీ లేదని, అంతే. ఆ అమ్మాయి బాధ నిజమే అత్తగారూ.

అపోహ: ఫ్రెంచి డాక్టర్ పినెల్ పిచ్చివాళ్ళ సంకెళ్ళు తెంచేశాడు.

వాస్తవం: ఆ సీన్ మీద వేసిన పెయింటింగ్ చాలా బాగుంటుంది, కథ మాత్రం అలా జరగలేదు. పారిస్ దగ్గర బిసెత్ర్ ఆసుపత్రిలో సంకెళ్ళు తీయించింది జాన్ బతీస్త్ పుసాఁ. ఈయన డాక్టర్ కాదు, తోళ్ళు పదును చేసే పనివాడు, గండమాల జబ్బుతో అక్కడ పేషెంట్‌గా చేరి, నయమయ్యాక అక్కడే ఉండిపోయి పిచ్చివాళ్ళ వార్డుకి సూపర్వైజర్ అయ్యాడు. సంకెళ్ళు తీసింది 1797లో, పినెల్ అప్పటికే 1795లో సాల్పెత్రియేర్ అనే ఇంకో ఆసుపత్రికి ట్రాన్స్‌ఫర్ అయిపోయాడు. పాపం పినెల్ ఎక్కడా ఘనత కొట్టేయలేదు, తన 1801 పుస్తకంలో పుసాఁని బాగా మెచ్చుకున్నాడు, తర్వాత ఆయన్ని పిలిపించి సాల్పెత్రియేర్‌లోనే పెట్టుకున్నాడు. కథ పెంచింది కొడుకూ, శిష్యులూ. ఇంకో విషయం, సంకెళ్ళు పోయాక వాటి స్థానంలో చేతులు కట్టేసే చొక్కాలు వచ్చాయి, అది పెయింటింగ్‌లో ఉండదు కదా.

అలాగని పినెల్‌ది చిన్న పనేం కాదు. పిచ్చివాడికి బుద్ధి మొత్తం పోదు, తప్పు ఆలోచనలు కలుపుకుని అక్కణ్ణుంచి సరిగ్గానే లెక్క వేసుకుంటూ పోతాడు అన్నది లాక్ మాట. ఆ ఆలోచన ఫ్రాన్స్ దాకా వచ్చింది కాబట్టే, ఎంత ముదిరినా లోపల కొంత బుద్ధి మిగిలుంటుంది, దానితో మాట్లాడొచ్చు అని పినెల్ నమ్మగలిగాడు. బుద్ధి పూర్తిగా పోయిందనుకుంటే ఎవరు కూర్చుని మాట్లాడతారు చెప్పండి.

అపోహ: మెస్మరిజం అంతా ఉత్త బూటకం.

వాస్తవం: ఒంట్లో కనపడని అయస్కాంత ద్రవం ఉంటుంది, దాన్ని సరిచేస్తే జబ్బు నయమవుతుందని మెస్మర్ అనే డాక్టర్ చెప్పేవాడు. ఆ ద్రవం ఉందన్నది బూటకమే. 1784లో ఫ్రాన్స్ రాజు వేసిన కమిటీలో బెంజమిన్ ఫ్రాంక్లిన్, కెమిస్ట్ లవోసియే ఉన్నారు. ఫ్రాంక్లిన్ ఇంటి తోటలో ఒక చెట్టుకి శక్తి ఎక్కించామని చెప్పి, పన్నెండేళ్ళ కుర్రాడి కళ్ళకి గంతలు కట్టి వేరే చెట్ల దగ్గరకి తిప్పారు. నాలుగో చెట్టు దగ్గర స్పృహ తప్పి పడిపోయాడు, అసలు చెట్టు దూరంగా ఉంది! ఇదంతా ఊహే అని తేల్చేసి కమిటీ ఫైలు మూసేసింది. అరే, ఉత్త ఊహ మనిషిని కింద పడేస్తే అది చిన్న విషయమా? ఇప్పుడు చాలా మందుల్ని మందు లేని ఉత్తి మాత్రతో పోల్చి ట్రయల్ చేస్తున్నామంటే ఆ గంతల పరీక్ష వంశమే.

అపోహ: షాక్ ట్రీట్‌మెంట్ అంటే శిక్ష.

వాస్తవం: సినిమాల పుణ్యం. 1938లో రోమ్‌లో మొదలైనప్పుడు మత్తు లేకుండానే ఇచ్చారు, భయం అక్కణ్ణుంచి వచ్చింది. ఇప్పుడు మన 2017 మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం మత్తు, కండరాలు వదులయ్యే మందు లేకుండా ఇవ్వడమే నిషేధం.

అపోహ: మనసు జబ్బులకి మందులన్నీ విదేశాల సరుకే, మన వేర్లలో సైడ్ ఎఫెక్ట్స్ ఉండవు.

వాస్తవం: రెండు ముక్కలూ తప్పే. కలకత్తాలో గణనాథ్ సేన్, కార్తీక్ చంద్ర బోస్ 1931లోనే సర్పగంధి వేరు బీపీకి, ఉన్మాదానికి పనిచేస్తోందని రాశారు. 1952లో స్విట్జర్లాండ్‌లో దాన్నుంచి రిసర్పిన్ అనే మందు తీశారు, 1954కల్లా అమెరికా మెంటల్ హాస్పిటల్స్‌లో వాడారు. తర్వాత బీపీ బాగా పడిపోవడం, మనిషి దిగాలుగా అయిపోవడం లాంటి రిపోర్టులు వచ్చి, వేరే మందులు కూడా దొరికి, వాడకం తగ్గింది. కాబట్టి ఇంట్లో ఎవరికైనా ఆ వేరు పొడి పెడుతుంటే దాచకుండా డబ్బాతో సహా డాక్టర్‌కి చూపించండి, ముఖ్యంగా బీపీ మాత్రలో, డిప్రెషన్ మాత్రలో వాడుతున్నవాళ్ళు.