లండన్ బ్యాంకులో నిజాం సొమ్ము: గొడవంతా 1963 కాగితం దగ్గరే

నిజాం వారసుల ఆస్తుల గొడవ ఎప్పుడు లేచినా దాంతోపాటే లండన్ డబ్బు సంగతి కూడా లేస్తుంది. రజాకార్లు, పోలీస్ యాక్షన్ ఇవన్నీ మన దగ్గర చిన్నపిల్లల్ని అడిగినా చెప్తారు కాబట్టి దాటేద్దాం. 1948 సెప్టెంబర్ 20న, అంటే హైదరాబాద్ చేతులెత్తేసిన మూడు రోజులకి, నిజాం మంత్రి మొయిన్ నవాజ్ జంగ్ వెస్ట్‌మినిస్టర్ బ్యాంకులో ఉన్న 10,07,490 పౌండ్ల 9 షిల్లింగులని లండన్‌లోని పాకిస్తాన్ హైకమిషనర్ రహీంతూలా పేరు మీదకి మార్పించాడు. సరిగ్గా వారానికి నిజాం నుంచి బ్యాంకుకి కేబుల్ వెళ్ళింది, నా అనుమతి లేకుండా జరిగింది, వెనక్కి వేసెయ్యండని. ఎవరి పేరు మీదకి వెళ్ళిందో వాళ్ళు ఒప్పుకుంటే తప్ప కుదరదంది బ్యాంకు. నిజాం కేసు వేస్తే అది అప్పట్లో బ్రిటన్‌లో ఆఖరి కోర్టైన హౌస్ ఆఫ్ లార్డ్స్ దాకా పోయి 1957లో ఆగిపోయింది, ఎందుకంటే పాకిస్తాన్ సావరిన్ ఇమ్యూనిటీ అడ్డంపెట్టింది, అంటే మేం వేరే దేశం, మీ కోర్టులో మమ్మల్ని నిలబెట్టలేరు అని. ఇక డబ్బు అక్కడే వడ్డీ తింటూ పడుంది.

అందరూ 1948 దగ్గరే ఆగిపోతారు గానీ నన్నడిగితే ఈ వారసుల గొడవకి అసలు మలుపు 1963. ఆ ఏడాది ఏడో నిజాం ఉస్మాన్ అలీఖాన్, తన చేతికే రాని ఈ డబ్బుని కూడా ట్రస్టులో పెట్టి ఇద్దరు మనవళ్ళకి, ముకర్రం జా, ముఫఖం జాలకి చెందేలా రాయించారు. ఇది మామూలు పని కాదు. ముస్లిం వారసత్వ చట్టంలో కొడుకు బతికుంటే ఆ కొడుకు పిల్లలకి తాత ఆస్తిలో వాటా రాదు. 1967 ఫిబ్రవరిలో నిజాం పోయేనాటికి వీళ్ళ నాన్న ఆజం జా బతికే ఉన్నారు, 1970లో పోయారు. పోనీ వీలునామా రాద్దామన్నా మూడో వంతు దాటితే మిగతా వారసులు సరేననాలి. బతికుండగానే ట్రస్టుకి ఇచ్చేస్తే ఈ లెక్కలేవీ వర్తించవు. అంటే ఆ కాగితమే లేకపోతే ఈ డబ్బు నిజాం కొడుకులకీ కూతుళ్ళకీ, వాళ్ళ తర్వాత వాళ్ళ పిల్లలకీ, ఇలా పంచుకుంటూ పోవాల్సిందే. ఇది చాలదన్నట్టు 1965లో ఇదే డబ్బు మీద హక్కుని భారత రాష్ట్రపతికి రాసిచ్చారు. ఒకే సొమ్ముకి రెండు కాగితాలు!

తాళం తీసింది మాత్రం పాకిస్తానే. 2013లో ఆ డబ్బు మాదేనంటూ తనే బ్యాంకు మీద లండన్ హైకోర్టులో కేసు వేసింది, దాంతో ఇమ్యూనిటీ ఎగిరిపోయింది, తర్వాత నాలిక కరుచుకుని వెనక్కి తీసుకుంటానంటే కోర్టు ఒప్పుకోలేదు. విచారణకి ముందే ఇండియా, మనవళ్ళిద్దరూ రాజీపడి ఒక పక్షం అయిపోయారు. 2019 అక్టోబర్ 2న జస్టిస్ మార్కస్ స్మిత్ తీర్పు ఇచ్చేనాటికి అది 3.5 కోట్ల పౌండ్లయింది, మన లెక్కలో మూడొందల కోట్ల పైమాటే. హైదరాబాద్‌కి ఆయుధాలు పంపాం కదా దానికి ఇచ్చారు అనీ, ఇండియా చేతికి చిక్కకుండా మాకిచ్చారు అనీ పాకిస్తాన్ చెప్పినవేవీ నిలబడలేదు, డబ్బు ఇండియా, మనవళ్ళ పక్షానికే దక్కింది.

ఇక మిగతా కుటుంబం. 116 మంది వారసుల తరఫున 2020లో అదే కోర్టుకి వెళ్ళారు. వాళ్ళు అడిగేది ఇదీ: ఏడో నిజాంకి అంతమంది సంతానం ఉంటే ఇద్దరు మనవళ్ళు ప్రభుత్వంతో కూర్చుని పంచుకోవడమేంటి, అది తాత సొమ్మైనప్పుడు మా వాటా ఏది, కుటుంబంలో పూట గడవడం కష్టమైనవాళ్ళున్నారు, వాళ్ళ మాట ఎవరు వినాలి? ఈ ప్రశ్నలకి ఇప్పటికీ ఎవరూ తిన్నగా జవాబు చెప్పలేదు. ముగిసిన కేసుని మళ్ళీ తెరవడం కుదరదని ఆ జులైలో జడ్జి చెప్పారు, కథ అక్కడితో అయిపోయిందని మనవళ్ళ వైపు వాళ్ళంటారు. రాజీలో ఎవరికెంత అన్నది రహస్యంగానే ఉంచారు కాబట్టి అనుమానం తీరే దారి కూడా లేదు.

పైగా ముకర్రం జా 2023 జనవరిలో ఇస్తాంబుల్‌లో చనిపోయారు. అయిదు పెళ్ళిళ్ళు చేసుకున్న మనిషి, కాబట్టి ఆయన భాగానికి వచ్చిందెంతైనా దానికీ ఇప్పుడు వారసుల లెక్క తేలాలి.