విదేశీ సంక్షోభాలు – విశ్వవిద్యాలయాలు: తొంభై ఏళ్ల నేపథ్యం

విదేశంలో యుద్ధం మొదలైతే విశ్వవిద్యాలయం ప్రకటన చేయాలా, మౌనం పాటించాలా? కొన్నేళ్లుగా ఈ వాదన తీవ్రంగా సాగుతోంది. 1933లో మాత్రం ముందుకొచ్చిన ప్రశ్న వేరు: ఉద్యోగం, దేశం రెండూ పోయిన ఆచార్యులకు ఎవరు చోటిస్తారు?

ఆ ఏడాది ఏప్రిల్‌లో నాజీ ప్రభుత్వం తెచ్చిన చట్టం యూదు అధ్యాపకులను, రాజకీయ ప్రత్యర్థులను కొలువుల నుంచి తొలగించింది. లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్ డైరెక్టర్ విలియం బెవరిడ్జ్‌కు ఈ సంగతి వియన్నాలో ఉండగా తెలిసింది. మే నెలకల్లా అలాంటి అధ్యాపకులకు సాయపడేందుకు బ్రిటన్‌లో అకడమిక్ అసిస్టెన్స్ కౌన్సిల్ ఏర్పడింది. శాస్త్రవేత్త రూథర్‌ఫర్డ్ దానికి అధ్యక్షుడయ్యారు. లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్ అధ్యాపకులు సహాయనిధికి తమ జీతాల నుంచే కొంత ఇచ్చారు. న్యూయార్క్‌లోని న్యూ స్కూల్ ప్రవాస ఆచార్యుల కోసం ఏకంగా ఒక విభాగాన్నే తెరిచింది. అయితే అందరూ ఒకేలా నడుచుకోలేదు. 1936లో నాజీ పాలనలోని జర్మనీలో హైడెల్‌బర్గ్ విశ్వవిద్యాలయ 550వ వార్షికోత్సవానికి ప్రతినిధులను పంపడానికి ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్ నిరాకరించగా, హార్వర్డ్, కొలంబియా పంపాయి. పంపాలన్న ఆ నిర్ణయం ఈనాటికీ సమర్థించుకోదగినది కాదు.

1956 నాటి హంగరీ ఉదంతం నన్ను ఎక్కువగా కదిలిస్తుంది. అక్కడి ప్రజల తిరుగుబాటును సోవియట్ సైన్యం అణచివేసినప్పుడు షోప్రోన్ అటవీ కళాశాల విద్యార్థులు, అధ్యాపకులు పెద్ద సంఖ్యలో సరిహద్దు దాటి ఆస్ట్రియా చేరారు. తమ కళాశాలను కలిసికట్టుగా నిలుపుకోవడానికి సాయం చేయమని డీన్ కాల్మాన్ రోలర్ పలు దేశాలకు లేఖలు రాశారు. కెనడా ఒప్పుకుంది. సుమారు 200 మంది విద్యార్థులు అధ్యాపకులతో సహా అక్కడికి చేరి, మొదట పావెల్ రివర్ అనే కాగితపు మిల్లు పట్టణంలో ఇంగ్లిష్ నేర్చుకున్నారు. తర్వాత బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయం వారిని ప్రత్యేక విభాగంగా చేర్చుకుంది, హంగేరియన్‌లోనే బోధన కొనసాగనిచ్చింది. చివరి బ్యాచ్ 1961లో పట్టా అందుకుంది.

వియత్నాం యుద్ధకాలంలో చర్చ మరో దారి పట్టింది. 1967లో రాజకీయ, సామాజిక అంశాల్లో విశ్వవిద్యాలయ పాత్రపై షికాగో విశ్వవిద్యాలయం వెలువరించిన కాల్వెన్ నివేదిక, విమర్శకులకు సంస్థ ఆశ్రయం ఇవ్వాలే తప్ప తానే విమర్శకురాలు కాకూడదని చెప్పింది. తటస్థత వాదానికి నేటికీ అదే ఆధారం. కానీ పెట్టుబడుల విషయంలో ఆ వాదం చిక్కుల్లో పడింది. వర్ణవివక్ష పాటించే దక్షిణాఫ్రికాతో వ్యాపారం చేసే కంపెనీల వాటాలను అమెరికాలోని హాంప్‌షైర్ కాలేజీ 1977లోనే వదులుకుంది. విద్యార్థుల పోరాటం తర్వాత 1986లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ పాలకమండలి కూడా అదే నిర్ణయం తీసుకుంది. వాటాలు ఉంచుకోవడమూ ఒక వైఖరే అని ఆ విద్యార్థులు గుర్తించారు.

2022లో ఉక్రెయిన్‌పై రష్యా దాడి జరగగానే పాశ్చాత్య విశ్వవిద్యాలయాలు ఖండన ప్రకటనలు చేశాయి. మాస్కోలోని సాంకేతిక విశ్వవిద్యాలయం స్కోల్‌టెక్‌తో ఒప్పందాన్ని అమెరికాలోని ఎమ్‌ఐటీ మర్నాడే రద్దు చేసుకుంది. గాజా యుద్ధం వచ్చేసరికి ఆ వేగం కనిపించలేదు. ఈ తేడాను విద్యార్థులు నిలదీశారు. 2024 మేలో ట్రినిటీ కాలేజ్ డబ్లిన్ కొన్ని ఇజ్రాయెల్ కంపెనీల నుంచి పెట్టుబడులు ఉపసంహరించుకుంటామని ప్రకటించింది. తన ప్రధాన విధికి సంబంధం లేని అంశాలపై అధికారిక ప్రకటనలు చేయబోనని హార్వర్డ్ తేల్చింది కూడా అదే నెలలో. గాజాలోని విశ్వవిద్యాలయాలు అప్పటికే శిథిలమయ్యాయి. తటస్థత నియమం ఏదీ అక్కడి విద్యార్థులకు సీట్లు, అధ్యాపకులకు కొలువులు ఇవ్వవద్దని చెప్పదు. 1933 నాటి కౌన్సిల్ పేరు మార్చుకుని, ప్రమాదంలో ఉన్న అధ్యాపకులకు చోటు వెతికే పనిని ఇప్పటికీ చేస్తోంది.