వేగాన్నే కవచంగా నమ్ముకున్న విమానం

1934లో డెయిలీ మెయిల్ పత్రిక యజమాని లార్డ్ రోథర్‌మియర్‌కి సొంతానికి ఒక విమానం కావాల్సి వచ్చింది. ఆరుగురు ప్రయాణికులు, ఇద్దరు సిబ్బంది పట్టాలి. యూరప్‌లో అంతకన్నా వేగంగా పోయే ప్రయాణికుల విమానం ఇంకొకటి ఉండకూడదు. బ్రిస్టల్ విమాన కంపెనీలో చీఫ్ డిజైనర్ ఫ్రాంక్ బార్న్‌వెల్ దగ్గర దాదాపు అలాంటి డిజైనే కాగితం మీద సిద్ధంగా ఉంది. అలా తయారైన విమానం 1935 ఏప్రిల్ 12న ఫిల్టన్ మైదానం నుంచి మొదటిసారి ఎగిరింది. రోథర్‌మియర్ దానికి ‘బ్రిటన్ ఫస్ట్’ అని పేరు పెట్టుకున్నాడు.

వైమానిక శాఖ వాళ్లు దాన్ని మార్ట్‌ల్‌షామ్ హీత్‌లో పరీక్షించి చూస్తే గంటకు 307 మైళ్లు, అంటే దాదాపు 494 కిలోమీటర్ల వేగం వచ్చింది. ఆ ఏడాది రాయల్ ఎయిర్ ఫోర్స్‌లో కొత్తగా చేరిన గాంట్లెట్ ఫైటర్ వేగం 370 కిలోమీటర్లే. దేశాన్ని కాపాడాల్సిన యుద్ధ విమానం ఒక పత్రికాధిపతి సొంత విమానాన్ని అందుకోలేకపోయింది! రోథర్‌మియర్ ఆ విమానాన్ని దేశానికి కానుకగా ఇచ్చేశాడు. ఆయన అప్పట్లో హిట్లర్‌ని బాహాటంగా మెచ్చుకున్న మనిషి. బ్రిటన్ వైమానిక బలం పెంచాలని గట్టిగా పోరిందీ ఆయనే. ఆ రెండూ ఒకే మనిషిలో ఎలా ఇమిడాయో చరిత్రకారులు రాస్తూనే ఉన్నారు. మన కథకు కావాల్సింది ఆ విమానం, దాన్నుంచి పుట్టిన బ్లెనిమ్ అనే బాంబర్ సంగతి.

అంత వేగం ఎలా వచ్చింది? గాంట్లెట్‌కి రెండు అంతస్తుల రెక్కలు, వాటి మధ్య కర్రలు, తీగలు, గుడ్డ తొడుగు, ఎప్పుడూ కిందికి వేలాడే చక్రాలు. వీటిలో ప్రతి ఒక్కటీ గాలికి అడ్డం పడుతుంది. బార్న్‌వెల్ విమానానికి ఒకే వరస రెక్కలు. పైనున్న అల్యూమినియం రేకే లోపలి చట్రంతో పాటు బరువు మోస్తుంది, కాబట్టి బయట తీగలూ కర్రలూ అక్కర్లేదు. ఎగరగానే చక్రాలు లోపలికి ముడుచుకుంటాయి. ప్రొపెల్లర్ ఆకుల కోణాన్ని మార్చుకోవచ్చు. కొండెక్కే బండికి ఒక గేరు, చదును రోడ్డుకి ఇంకో గేరు వేసినట్టు, పైకి లేచేటప్పుడు ఆకులు తక్కువ కోణంలో, వేగంగా పోయేటప్పుడు ఎక్కువ కోణంలో ఉంటాయి. ఒకే కోణంలో బిగించిన ప్రొపెల్లర్ ఈ రెంటిలో ఏదో ఒకదానికే సరిగ్గా పనికొస్తుంది.

ఇక్కడ ఒక లెక్క తెలిస్తే తర్వాత జరిగినదంతా సులువుగా అర్థమవుతుంది. వేగం రెట్టింపైతే గాలి అడ్డు నాలుగు రెట్లవుతుంది. ఆ అడ్డుని ఆ వేగంతో తోసుకుపోవడానికి ఇంజన్ శక్తి ఎనిమిది రెట్లు కావాలి. పది శాతం వేగం పెంచాలన్నా శక్తి మూడో వంతు పెరగాలి. అందుకే విమానానికి గాలి తగిలే చోట్ల కొత్తగా ఏది బిగించినా దాని ఖరీదు వేగంలోనే చెల్లించాలి. బార్న్‌వెల్‌కి ఇది బాగా తెలుసు. ఆయన డిజైన్ గొప్పతనమంతా బయటికి ఏదీ పొడుచుకు రాకుండా చూసుకోవడంలోనే ఉంది.

వైమానిక శాఖ దీన్ని బాంబర్‌గా మార్చమంది. నమూనా ఎగరకముందే 150 విమానాలకు ఆర్డర్ పడింది. బాంబులు పెట్టడానికి పొట్ట కింద చోటు కావాలి కాబట్టి కింద ఉన్న రెక్కల్ని మధ్యకు జరిపారు. వీపు మీద టరెట్, అంటే గన్నర్ కూర్చుని కాల్చే తిరిగే తుపాకీ గూడు వచ్చింది. ఎడమ రెక్కలో ఒక మెషిన్ గన్, 450 కిలోల బాంబులు, సిబ్బంది ముగ్గురు: పైలట్, దారి చూసి బాంబులు వదిలే అబ్జర్వర్, వైర్‌లెస్ చూసుకుంటూ వెనక నుంచి కాల్పులు జరిపే గన్నర్. ఇదే బ్రిస్టల్ బ్లెనిమ్. మొదటి నమూనా 1936 జూన్ 25న ఎగిరింది, మరుసటి ఏడాది మార్చికల్లా స్క్వాడ్రన్లకు, అంటే యుద్ధ విమానాల దళాలకు చేరింది. నిండుగా ఎక్కించినప్పుడు దాని బరువు దాదాపు 5,670 కిలోలు. అబ్జర్వర్‌కి చోటు చాలక ముక్కు పొడిగించి, ఇంధనం పెంచి తెచ్చిన నాలుగో రకం బరువు దాదాపు 6,500 కిలోలు, గరిష్ఠ వేగం సుమారు 428 కిలోమీటర్లు. ఇంజన్ల శక్తి పెంచినా ‘బ్రిటన్ ఫస్ట్’ వేగం మళ్లీ రాలేదు.

ఈలోగా అవతలివాళ్లు ఊరుకోలేదు. ‘బ్రిటన్ ఫస్ట్’ ఎగిరిన నెలన్నరకే, 1935 మే చివర్లో, జర్మనీలో మెసర్‌ష్మిట్ 109 మొదటి నమూనా గాలిలోకి లేచింది. అదీ రేకు తొడుగు, ఒకే రెక్కలు, ముడుచుకునే చక్రాలు ఉన్న విమానమే. అయితే ఒక్క మనిషి కోసం, ఒక్క ఇంజన్ చుట్టూ కట్టినది. 1940కల్లా దాని వేగం 570 కిలోమీటర్లు. ఫైటర్ల కన్నా 120 కిలోమీటర్లు ఎక్కువ వేగంతో పుట్టిన విమానం అయిదేళ్లు తిరిగేసరికి 140 కిలోమీటర్లు వెనకబడింది. విమానం వేగంగా ఉందా అన్న ప్రశ్నకు విడిగా జవాబు ఉండదు. వెంటపడేవాడికీ మనకీ మధ్య ఎంత తేడా ఉందన్నదే లెక్క. బ్లెనిమ్‌ని కొన్నవాళ్లు మొదటి రోజు తేడా చూసి కొన్నారు. ఆ తేడా ఎంతకాలం నిలుస్తుందని గట్టిగా అడిగినవాళ్లు తక్కువ.

బార్న్‌వెల్ ఇదంతా చూడలేదు. 1938 ఆగస్టు 2న, సొంతంగా రూపొందించుకున్న ఒక చిన్న విమానం నడుపుతూ కూలి చనిపోయాడు. ఆయన ముగ్గురు కొడుకులూ రాయల్ ఎయిర్ ఫోర్స్‌లో చేరి యుద్ధంలో మరణించారు. వాళ్లలో జాన్, 1940 జూన్‌లో తండ్రి డిజైన్ చేసిన బ్లెనిమ్ నడుపుతూనే పోయాడు.

1939 సెప్టెంబరు 3న బ్రిటన్ యుద్ధం ప్రకటించిన కాసేపటికే ఇంగ్లండ్‌లోని విటన్ స్థావరం నుంచి ఒక బ్లెనిమ్ బయల్దేరింది. పైలట్ ఆండ్రూ మెక్‌ఫర్సన్. విల్‌హెల్మ్స్‌హాఫెన్ దగ్గర లంగరేసిన జర్మన్ నౌకల్ని 24,000 అడుగుల ఎత్తు నుంచి ఫోటోలు తీశారు. ఆ ఎత్తులో చలికి వైర్‌లెస్ గడ్డకట్టి పనిచేయలేదు, వార్త విమానంతో పాటే ఇంటికి రావాల్సి వచ్చింది. మర్నాడు ఆ నౌకల మీద దాడికి బ్లెనిమ్‌లే వెళ్లాయి. అడ్మిరల్ షీర్ నౌక మీద బాంబులు సూటిగా పడ్డాయి గానీ పేలలేదు. దాడి చేసిన పదింటిలో అయిదు తిరిగిరాలేదు. యుద్ధం మొదలై రెండు రోజులే.

1940 మే నెలలో జర్మన్ ట్యాంకులు బెల్జియం, ఫ్రాన్స్‌లలోకి దూసుకొస్తుంటే వంతెనలు, రోడ్ల మీదకి పట్టపగలు బ్లెనిమ్‌లను పంపించారు. మే 17న 82వ స్క్వాడ్రన్ నుంచి 12 విమానాలు బెల్జియంలోని జెంబ్లూ వైపు వెళ్లాయి. వాటికి తోడు రావాల్సిన ఫైటర్లు రాలేదు. పదకొండు కూలిపోయాయి. మిగిలిన ఒక్కటి తూట్లు పడి ఇంగ్లండ్‌లోని తన స్థావరం వాటన్ చేరింది. ఆ స్క్వాడ్రన్‌ని రద్దు చేద్దామన్న మాట వచ్చింది. కమాండర్ ఎర్ల్ ఆఫ్ బాండన్ ఒప్పుకోలేదు, కొత్త మనుషులతో మళ్లీ నిలబెట్టాడు. మూడు నెలలకు, ఆగస్టు 13న, అదే స్క్వాడ్రన్ డెన్మార్క్‌లోని ఆల్‌బోర్గ్ మీదకి 12 విమానాలతో వెళ్లింది. ఒకటి ఇంధనం చాలక దారిలోంచి వెనక్కి తిరిగింది. మిగిలిన పదకొండూ పోయాయి. ఒకే స్క్వాడ్రన్‌కి ఒకే వేసవిలో రెండుసార్లు ఇలా జరిగిందంటే, ఆ మెస్‌లో సాయంత్రం భోజనానికి కూర్చున్నవాళ్ల టెన్షన్ మనం ఊహించలేం.

తప్పు విమానానిదా? నా ఉద్దేశంలో ప్రధానంగా కాదు. వెనక టరెట్‌లోని 7.7 మిల్లీమీటర్ల తుపాకీ 20 మిల్లీమీటర్ల ఫిరంగి ఉన్న మెసర్‌ష్మిట్‌కి సమాధానం కాదన్నది నిజమే. సిబ్బందికి కవచం రేకులు మొదట్లో లేవు. ప్రొపెల్లర్ కోణం మార్చే మీటలు పైలట్ వీపు వెనక ఉండేవి, చూడకుండా తడిమి పట్టుకోవాలి. అలాంటి కాక్‌పిట్‌లో కంగారులో చెయ్యి తప్పు మీట మీద పడటానికి ఎంతసేపు? అయినా అసలు తప్పు ఎక్కడుందంటే, వేగమే రక్షణ అని కట్టిన విమానం వేగంలో వెనకబడ్డాక కూడా అదే పనికి, తోడు లేకుండా పంపడంలో ఉంది. చేతిలో వేరే విమానాలు లేవు, నేల మీద సైన్యం సాయం కోసం మొత్తుకుంటోంది. ఆ ఇరకాటం అర్థమవుతుంది. దాని ఖరీదు మాత్రం ఇరవై ఏళ్ల కుర్రాళ్లు చెల్లించారు.

ఇదే విమానం ఇంకో పనిలో, సైన్స్ చరిత్రలో చోటు దక్కించుకుంది. పొట్ట కింద నాలుగు మెషిన్ గన్లు బిగించి కొన్ని బ్లెనిమ్‌లను ఫైటర్లుగా మార్చారు. పగటిపూట అవి పనికిరావు. కానీ లోపల చోటుంది, మనుషులున్నారు, కాబట్టి అప్పటి బరువైన రాడార్ పెట్టెల్ని మోయగలవు. ఒంటరి పైలట్ ఉండే స్పిట్‌ఫైర్ లాంటి బ్రిటిష్ ఫైటర్‌కి అది సాధ్యం కాదు. ఆ రాడార్ ఒకటిన్నర మీటర్ల తరంగాలు వాడేది. అంత పొడవు తరంగాల్ని విమానం మీద పట్టే చిన్న యాంటెనాతో సన్నటి పుంజంగా కూర్చడం కుదరదు, అవి అన్ని దిక్కులకీ విరజిమ్ముతాయి. కిందికి పోయినవి నేలకి తగిలి పెద్ద ప్రతిధ్వనిగా తిరిగొస్తాయి. ఫలితంగా విమానం ఎంత ఎత్తులో ఉంటే దాదాపు అంత దూరం దాకానే శత్రువు కనిపిస్తాడు, ఆపైన అంతా నేల ప్రతిధ్వనిలో కలిసిపోతుంది. 3,000 మీటర్ల ఎత్తులో ఎగిరితే మూడు కిలోమీటర్ల చూపు. మరీ దగ్గరైనా కష్టమే, పంపిన సంకేతం ముగియకముందే జవాబు వచ్చేస్తుంది.

ఇన్ని చిక్కుల మధ్య 1940 జులై 22 రాత్రి ఒక బ్లెనిమ్ రాడార్ సాయంతో శత్రు విమానాన్ని వెతికి కూల్చింది. పైలట్ గ్లిన్ యాష్‌ఫీల్డ్, అబ్జర్వర్ జెఫ్రీ మోరిస్, రాడార్ తెర చూసినది రెజినాల్డ్ లేలాండ్. ససెక్స్ తీరం దగ్గర ఒక డోర్నియర్ 17 బాంబర్ సముద్రంలో కూలింది. విమానంలోని రాడార్‌తో దక్కిన తొలి విజయం అదే. బ్లెనిమ్ వంశంలోనే పుట్టిన బ్యూఫైటర్ ఈ పనిని తర్వాత చాలా సమర్థంగా చేసింది.

యుద్ధం తూర్పుకి పాకాక బ్లెనిమ్ మన సముద్రం మీదకి వచ్చింది. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు వేసిన సంగతి మన వైపు చాలామందికి తెలుసు. ఆ విమానాలు ర్యూజో అనే చిన్న విమానవాహక నౌక నుంచి లేచాయి. అదే సమయంలో, అదే దండయాత్రలో భాగంగా, అడ్మిరల్ నగుమో పెద్ద నౌకాదళం సిలోన్ (నేటి శ్రీలంక) చుట్టూ తిరుగుతోంది. నాలుగు నెలల ముందు పెర్ల్ హార్బర్‌ని దెబ్బతీసిన దళమే అది. ఏప్రిల్ 9న, కొలంబో గుర్రప్పందేల మైదానంలో అప్పటికప్పుడు తయారు చేసుకున్న రన్‌వే నుంచి 11వ స్క్వాడ్రన్ బ్లెనిమ్‌లు బయల్దేరాయి. తొమ్మిది విమానాలు తోడు ఫైటర్ ఒక్కటీ లేకుండా ఆ దళాన్ని వెతికి పట్టుకున్నాయి. జపాన్ నౌకలకు రాడార్ లేదు. చుట్టూ నీళ్లు ఎగిసిపడేదాకా నగుమో జెండా నౌక అకాగి వాళ్లకి పైన బాంబర్లున్నాయని తెలియలేదు. బాంబులు పక్కన పడ్డాయి, నౌకకి దెబ్బ తగల్లేదు. తర్వాత జపాన్ జీరో ఫైటర్లు వెంటపడ్డాయి. ఆ రోజు తొమ్మిదింటిలో అయిదు పోయాయి.

ఓడిపోయిన దాడే, కానీ నాకు ఇది బ్లెనిమ్ కథలో చాలా ముఖ్యమైన ఘట్టంగా కనిపిస్తుంది. నెత్తి మీదకి చెప్పకుండా బాంబర్లు వచ్చేయగలవని అకాగికి అక్కడే హెచ్చరిక అందింది. రెండు నెలల తర్వాత పసిఫిక్ సముద్రంలోని మిడ్వే దీవి దగ్గర అమెరికా డైవ్ బాంబర్లు అచ్చం అలాగే వచ్చి పడ్డాయి, అకాగి మునిగిపోయింది.

అదే ఏడాది మే 22న బంగాళాఖాతం మీద, బర్మా తీరంలోని అక్యాబ్ దగ్గర, 60వ స్క్వాడ్రన్ బ్లెనిమ్ ఒక్కటి జపాన్ ఫైటర్ల చేతికి చిక్కింది. వెనక టరెట్‌లోని గన్నర్ మెక్‌లకీ చిన్న తుపాకీతోనే కాలుస్తూ ఒక ఫైటర్‌ని సముద్రంలో కూల్చాడు. అందులో ఉన్నది కటో టటేయో, జపాన్ సైన్యపు అత్యంత ప్రసిద్ధ ఫైటర్ కమాండర్లలో ఒకడు.

యూరప్‌లో 1942 ఆగస్టుతో రాయల్ ఎయిర్ ఫోర్స్ బాంబర్ల విభాగమైన బాంబర్ కమాండ్ బ్లెనిమ్‌లను పక్కన పెట్టింది. ఆఫ్రికాకి మాత్రం అయిదో రకం వెళ్లింది. అది ఇంకా బరువైనది, 7,700 కిలోలు. అదే ఏడాది డిసెంబరు 4న ట్యునీసియాలో వింగ్ కమాండర్ హ్యూ మాల్కమ్ తోడు ఫైటర్లు లేవని తెలిసీ తన దళాన్ని నడిపించాడు. దాడికి వెళ్లినవాటిలో ఒక్కటీ మిగల్లేదు. ఆయనకు మరణానంతరం బ్రిటన్ అత్యున్నత శౌర్య పతకం విక్టోరియా క్రాస్ ఇచ్చారు. జెంబ్లూ జరిగి రెండున్నరేళ్లయ్యాక, అదే విమానంతో, అదే పద్ధతిలో ఇది జరగడం నాకు మింగుడుపడదు.

అయితే బార్న్‌వెల్ అసలు ఆలోచన తప్పు కాదని తేలింది. డి హావిలాండ్ కంపెనీ వాళ్లు టరెట్ పెట్టమని ఎంతమంది చెప్పినా వినకుండా, చెక్కతో, తుపాకీ ఒక్కటీ లేని బాంబర్‌ని తయారు చేసి 1940 నవంబరు 25న ఎగరేశారు. అదే మస్కిటో. వేగం నమ్ముకుంటే పూర్తిగా నమ్ముకోవాలి, మధ్యలో టరెట్లూ గన్నర్లూ ఎక్కించి దాన్ని తినేయకూడదన్నది వాళ్ల పట్టుదల. గంటకు 600 కిలోమీటర్లు దాటే ఆ విమానాన్ని బాంబర్‌గా మొదట అందుకున్న స్క్వాడ్రన్ 105వది, తర్వాత 139వది. రెండూ బ్లెనిమ్ నడిపినవే. మెక్‌ఫర్సన్ మొదటి రోజు ఫోటోలు తీసింది ఆ 139వ స్క్వాడ్రన్ నుంచే. ఆయన 1940 మేలోనే చనిపోయాడు, మస్కిటోని చూడలేదు.

ఆ తేడా కూడా శాశ్వతం కాలేదు. 1944 జులై 26న మ్యూనిక్ దగ్గర ఫోటోలు తీస్తున్న ఒక మస్కిటో వెనక జర్మన్ జెట్, మెసర్‌ష్మిట్ 262, కనిపించింది. అది అంతకన్నా చాలా వేగంగా వచ్చి పదేపదే కాల్పులు జరిపింది. మస్కిటో పైలట్ మలుపులు తిరుగుతూ మేఘాల్లోకి దూరి, దెబ్బతిన్న విమానాన్ని ఇటలీలో దింపాడు.